కలం నుండి కీబోర్డుకు, కీబోర్డు నుండి మౌసుకు

ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని మన సంఘం కార్యదర్శిగారు కోరినారు. డి.ఏ. బకాయిల గురించీ, పి.ఆర్.సి. గురించీ వ్రాయడానికి నాకన్న సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ముప్పై అయిదేళ్ళ సర్వీసులో నా చేతులతో చేసిన పని గురించే నాలుగు మాటలు వ్రాయదలచాను. ఆ పని నకలు తీయడం. ఒక కాగితం మీద ఉన్నదానిని చూసి, మరొక చోట తప్పు లేకుండా ఎక్కించడం. నేటివారు దీనినే డేటా ఎంట్రీ అంటున్నారు.

ఈ పనికి కీబోర్డు మేలా, మౌసు మేలా అనే తగవు కంప్యూటరు పండితుల మధ్య నలభై ఏళ్ళుగా నడుస్తున్నది. అది మనకెందుకు అని చదువరులు అనుకోవచ్చు. మన పుట్టిన తేదీ, మన పెన్షను, మన కొబ్బరితోట సర్వే నెంబరు అన్నీ ఎవరో ఒక ఆపరేటరు చేతి మీదుగానే కంప్యూటరులోకి వెళ్ళినవి. ఆ చెయ్యి ఎక్కడ తడబడిందో అక్కడ మనం ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తున్నది. కనుక ఇది మన తగవు కూడా.

కలం రోజులు

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులన్నీ ఒకటవ పుస్తకంలోకి, వీలునామాలు మూడవ పుస్తకంలోకి ఎక్కాలి. పేర్ల వారీగా ఒకటవ నెంబరు ఇండెక్సు, ఆస్తుల వారీగా రెండవ నెంబరు ఇండెక్సు ఉంటాయి. అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని ఒక అరెకరం తోట అమ్ముడుపోతే, ఆ దస్తావేజు అక్షరం పొల్లుపోకుండా చేతివ్రాతతో పుస్తకంలోకి ఎక్కేది. నకలు వ్రాసినవారు ఒకరు, చదివినవారు ఒకరు, సరిచూసినవారు ఒకరు. ముగ్గురి సంతకాలూ దాని కింద ఉండేవి. ఈ మూడు సంతకాల సంగతి చదువరులు గుర్తుంచుకోవలెనని మనవి. ముందు ముందు దీనితో పని ఉన్నది.

మా రెవెన్యూ వైపు కరణంగారి లెక్కలే ఆధారం. 1984 జనవరిలో గ్రామోద్యోగుల వ్యవస్థ రద్దయింది. మరుసటి సంవత్సరం తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. అప్పుడు గ్రామాల నుండి తెచ్చిన అడంగళ్ళు, ఖాతా పుస్తకాలు మండలాల వారీగా సర్ది, చెదలు తిన్నవాటికి తిరిగి నకళ్ళు తీయడంలోనే మాకు నెలలు గడిచినవి. గోదావరి కోసుకుపోయిన లంక భూమి ఒకచోట, మేట వేసి తేలిన భూమి మరొకచోట. అన్నదమ్ముల వాటాలు పడి ఒక సర్వే నెంబరు పది సబ్ డివిజన్లయ్యేది. సెంట్ల లెక్క. ఒక్క అంకె తప్పితే ఒకరి చెట్టు మరొకరి ఖాతాలోకి పోతుంది.

టైపు మిషను నేర్పిన పాఠం

అమెరికాలో షోల్స్ అనే ఆయన తన మిత్రులతో కలిసి 1868లో పేటెంటు పొందిన యంత్రాన్ని 1870లలో రెమింగ్టన్ కంపెనీ తయారు చేసి అమ్మింది. మన దేశంలో గోద్రెజ్ వారు 1955లో స్వదేశీ టైపురైటరు తెచ్చారు. మా తరంలో పదో తరగతి పాసైన కుర్రవాడు ఉద్యోగం మాట ఎత్తితే, పెద్దలు ముందు అడిగే ప్రశ్న “టైపు పాసయ్యావా?” అనే. లోయరుకు నిమిషానికి ముప్పై ఇంగ్లీషు మాటలు, హయ్యరుకు నలభై అయిదు. కోనసీమ పట్టణాలలో టైపు ఇన్‌స్టిట్యూట్ల ముందు తెల్లవారు జామునుండే సైకిళ్ళు బారులు తీరి ఉండేవి. ఎందరో ఆడపిల్లలు ఆ మిషను ముందు కూర్చుని నేర్చిన విద్యతోనే ఉద్యోగస్థులై ఇల్లు నిలబెట్టారు.

అక్కడ మాస్టారు మొదటి రోజు నుండీ చెప్పే మాట ఒక్కటే: కళ్ళు కాగితం మీద, వేళ్ళు మీటల మీద. ‘ఏ ఎస్ డి ఎఫ్ జి’ అంటూ ఎడమ చెయ్యి, ‘సెమికోలన్ ఎల్ కె జె హెచ్’ అంటూ కుడి చెయ్యి, నెలల తరబడి అదే వరస. మీటల వంక చూస్తే బెత్తం. గీత చివరకు వస్తుంటే గంట మోగేది. అంటే చూడవలసిన అవసరం లేకుండా చెవికి తెలియజేసే ఏర్పాటన్నమాట. నకలు తీసేవాని కళ్ళు అసలు కాగితాన్ని వదలకూడదు అనే సూత్రం మీదనే ఆ విద్య అంతా నడిచింది. కళ్ళు ఒకసారి కాగితం వదిలి మళ్ళీ వచ్చేసరికి గీత తప్పుతుంది. రిజిష్టరు వ్రాసినవారందరికీ ఇది అనుభవమే.

తగవు పాతదే

మౌసుకూ కీబోర్డుకూ మధ్య పోటీ నిన్న మొన్నటిది అనుకుంటాము గాని, దాని పూర్వరూపం 1890 నాడే ఉన్నది. ఆ సంవత్సరం అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హొలెరిత్ అనే ఇంజనీరు రంధ్రాల కార్డులు వాడాడు. మొదట ఆయన ఇచ్చిన పనిముట్టుకు అంకెల మీటలు లేవు. గుర్తులు వేసిన ఒక పలక ఉండేది. ఆపరేటరు ఒక సూచికను తెచ్చి, కావలసిన గుర్తు మీద పెట్టి నొక్కితే, కార్డులో ఆ చోట రంధ్రం పడేది. చూపించి నొక్కడం, అంటే నేటి మౌసు చేసే పనే. పదేళ్ళు గడిచి 1901 వచ్చేసరికి ఆయనే అంకెల మీటలున్న పంచింగు యంత్రం తయారు చేశాడు. లక్షల కార్డులు కొట్టవలసిన చోట మీటే నిలిచింది.

ఆ కార్డుల పద్ధతిలో మరొక మంచి ఆచారం ఏర్పడింది. ఒకరు కొట్టిన కార్డును రెండవవారు వెరిఫయర్ అనే యంత్రం మీద అదే కాగితం చూసి మళ్ళీ కొట్టేవారు. తేడా వస్తే యంత్రం ఆగేది. మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసులలో వ్రాసినవారు, చదివినవారు, సరిచూసినవారు అని మూడు సంతకాలుండడానికి కారణం ఏదో, దీనికి కారణమూ అదే.

నల్ల తెర రోజులు

1980ల చివరినాటికి జిల్లా కలెక్టరేట్లలో ఎన్.ఐ.సి. కేంద్రాలు వచ్చినవి. ఆనాటి కంప్యూటరుకు నల్లటి తెర, దాని మీద అక్షరాలు, ముందు కీబోర్డు, అంతే. డీబేస్, ఫాక్స్‌ప్రో వంటి ప్రోగ్రాములలో ఒక గడికి ఇన్ని అక్షరాలని ముందే నిర్ణయించేవారు. గడి నిండగానే చిన్న బీప్ శబ్దం వచ్చి, కర్సరు తనంత తానే తరువాతి గడిలోకి పోయేది. టైపు మిషను గంటే మళ్ళీ వచ్చిందని మా వాళ్ళు సంతోషించారు. కంప్యూటరు అంటే బెదిరిన టైపిస్టులు కూడా వారం రోజులలో చెయ్యి తిరిగినవారయ్యారు. ఎందుకంటే పాత విద్య పనికివచ్చింది. కళ్ళు కాగితం మీదనే ఉన్నవి.

ఆ తరువాత పెద్ద ఘట్టం 1998 నవంబరు 4. ఆనాడు రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ అనే కంప్యూటరు పద్ధతి రాష్ట్రంలో 214 సబ్ రిజిస్ట్రారు ఆఫీసులలో ఒకేసారి ప్రారంభమయింది. శ్రీ జె. సత్యనారాయణ ఐ.ఎ.ఎస్. గారు దీనికి సారథ్యం వహించారు. రోజుల తరబడి పట్టే రిజిస్ట్రేషన్ గంటలో ముగిసే రోజు వచ్చింది. అయితే ఆ సౌకర్యం వెనుక ఎవరికీ కనబడని పని ఒకటి జరిగింది. ఈ.సి. ఇవ్వాలంటే వెనుకటి పదిహేనేళ్ళ లావాదేవీలు కంప్యూటరులో ఉండాలి గదా. చేతివ్రాత ఇండెక్సు పుస్తకాలు ముందు పెట్టుకుని, గీత తరువాత గీత ఎక్కించారు. నేటికీ కంప్యూటరు ఈ.సి. 1983 నుండి దొరుకుతున్నదంటే ఆ శ్రమ ఫలితమే. అంతకు ముందు సంగతి కావాలంటే పాత పుస్తకాలు తిరగేయవలసిందే.

మౌసు వచ్చిన కథ

మౌసును కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ గారు, ఆయన సహచరుడు బిల్ ఇంగ్లీష్ గారు 1964లో కాలిఫోర్నియాలో మొదటి నమూనా చేశారు. అది చెక్క డొప్ప, కింద రెండు చక్రాలు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో వందల మంది ఇంజనీర్ల ముందు దానిని ప్రదర్శించారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆయన ముందు మామూలు కీబోర్డు ఉన్నది, కుడి చేతి కింద మౌసు ఉన్నది, ఎడమ చేతి కింద అయిదు మీటల చిన్న పలక కూడా ఉన్నది. మౌసుతో చూపించడం, మీటలతో వ్రాయడం, రెండూ కలిసి నడవాలనేదే ఆయన ఉద్దేశం. మీటను తీసివేయమని మౌసు పుట్టించినవాడే అనలేదు.

తరువాత 1981లో జిరాక్స్ వారి స్టార్, 1984లో ఆపిల్ వారి మాకింటోష్, 1995లో విండోస్ 95 వచ్చి మౌసును ప్రతి బల్ల మీదకూ తెచ్చినవి. టైపు రానివారికి కూడా కంప్యూటరు అందుబాటులోకి వచ్చింది. అది గొప్ప మేలే. కాని అదే ఊపులో, రోజుకు వందల గీతలు ఎక్కించే గుమాస్తా తెరను కూడా, ఎప్పుడో ఒకసారి వచ్చే సందర్శకుని తెరలాగే తయారు చేయడం మొదలుపెట్టారు. చిక్కు అక్కడ వచ్చింది.

గుమాస్తా లెక్క

ఉత్త మాటలెందుకు, లెక్క వేసి చూద్దాము. 1980లో స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరన్, అలెన్ న్యూయెల్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ పనులకు పట్టే కాలాన్ని కొలిచి ప్రకటించారు. (మన రిజిస్ట్రేషన్ పథకానికీ, ఈయన పేరుకూ పోలిక యాదృచ్ఛికమే.) వారి లెక్కలో చెయ్యి కీబోర్డు నుండి మౌసుకు పోవడానికి 0.4 సెకను, బాణాన్ని గురి మీదకు చేర్చడానికి సగటున 1.1 సెకను. ఒక మీట నొక్కడానికి నేర్పు గల సగటు టైపిస్టుకు 0.2 సెకను, టైపు వృత్తి కాని మధ్యరకం వారికి 0.28. మన హయ్యరు పాసైనవారి వేగం, నిమిషానికి నలభై అయిదు మాటలు, ఇంచుమించు ఈ రెంటికీ మధ్య పడుతుంది.

ఇప్పుడు భూమి రికార్డులో ఒక గీత తీసుకుందాము. వరుస నెంబరు, సర్వే నెంబరు, సబ్ డివిజను, విస్తీర్ణం, భూమి తరగతి, ఖాతా నెంబరు, పేరు, తండ్రి పేరు. ఎనిమిది గడులు. గడి మారడానికి ట్యాబ్ మీట నొక్కితే 0.28 సెకను. అదే మౌసుతో మారాలంటే, చెయ్యి పోవడం 0.4, గురి 1.1, నొక్కడం 0.2, చెయ్యి తిరిగి రావడం 0.4, వెరసి 2.1 సెకన్లు. తేడా గడికి 1.8 సెకన్లు. ఎనిమిది గడులకు 14.4. రోజుకు నాలుగు వందల గీతలు ఎక్కించే వారికి 5,760 సెకన్లు, అంటే 96 నిమిషాలు. గంటన్నర పైచిలుకు కాలం చెయ్యి అటూ ఇటూ తిరగడానికే సరి. భుజం నొప్పి, కంటి అలసట దీనికి అదనం. కాగితం వదిలిన కన్ను తిరిగి వచ్చి పై గీతలోనో కింది గీతలోనో పడితే జరిగే నష్టం ఈ లెక్కలోకి రానే రాలేదు.

మౌసు పక్షాన చెప్పవలసినది

న్యాయం రెండు వైపులా వినాలి. ఆపిల్ కంపెనీలో పనిచేసిన బ్రూస్ టోగ్నజ్జిని అనే ఆయన 1989లో దీనికి విరుద్ధంగా వ్రాశారు. కీబోర్డు వాడేవారు తామే వేగమని అనుకుంటారు గాని, గడియారం పెట్టి చూస్తే మౌసు వాడినవారే ముందున్నారనీ, ఏ మీట నొక్కాలో జ్ఞాపకం తెచ్చుకోవడానికి పట్టే కాలం వారికి తెలియదనీ ఆయన వాదన. ఇందులో నిజం ఉన్నది. ఎప్పుడో ఒకసారి చేసే పనికి మీట గుర్తుపెట్టుకోవడం కన్న తెర మీద చూసి ఎంచుకోవడమే సుఖం. పొలం నక్షా మీద హద్దు రాయి చూపించాలన్నా, స్కాన్ చేసిన దస్తావేజులో సంతకం ఉన్న చోటు పెద్దది చేసి చూడాలన్నా మౌసే కావాలి. అయితే ఆయన మాట్లాడినది తెర మీద ఉన్న దానిని దిద్దడం గురించి. కాగితం చూసి నకలు తీయడం వేరే పని. వడ్రంగికి ఉలీ కావాలి, రంపమూ కావాలి. ఉలితో దూలం కోయమంటేనే బాధ.

తెలుగు దగ్గర వచ్చిన చిక్కు

మన భాషకు మరొక ఇబ్బంది తోడయింది. తెలుగు టైపు మిషను మీద నేర్చుకున్న మీటల వరస ఒకటి. ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్టు వరస మరొకటి. డి.టి.పి. వారి వరసలు ఇంకా వేరు. నిజానికి ఇన్‌స్క్రిప్టు తెలివైన ఏర్పాటు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. క ఉన్న మీటనే షిఫ్టుతో కొడితే ఖ, గ మీటకు ఘ. ‘రాజోలు’కు ఆరు మీటలు, ‘కొత్తపేట’కు ఎనిమిది. ఇంగ్లీషులో కొత్తపేట వ్రాయడానికీ ఇంచుమించు అన్నే పడతాయి. కాని ఆఫీసులలో దీనిని ఓపికగా నేర్పినవారు తక్కువ. నేర్పనందువలన, “మీకు టైపు ఎందుకు, లిస్టులోంచి ఎంచుకోండి” అనే పద్ధతి వచ్చింది.

లిస్టు వలన స్పెల్లింగు తప్పులు పోతాయి. అది ఒప్పుకోవలసిందే. కాని దాని స్థానంలో మరొక రకం తప్పు వస్తుంది. పాశర్లపూడి కింద పాశర్లపూడిలంక ఉంటుంది. మన పి.గన్నవరం ఉన్నది, కృష్ణా జిల్లాలో గన్నవరమూ ఉన్నది. కొత్తపేటలు రాష్ట్రంలో ఎన్నో. టైపులో తప్పితే అక్షరం తప్పుతుంది, చూసినవాడు ఇది తప్పని పోల్చుకుంటాడు. లిస్టులో తప్పితే ఊరే మారిపోతుంది. అది అచ్చు తప్పులాగ కనబడదు, నిజంలాగ కనబడుతుంది. సరిచూసే మూడవ సంతకం ఉంటే తప్ప బయటపడదు.

మన వయసువారి మీద పడిన భారం

రిటైరయిన తరువాత కొంతకాలం తోటి పెన్షనర్ల దరఖాస్తులకు సాయం చేస్తూ వచ్చాను. అప్పుడు చూసిన సంగతి ఒకటి మనవి చేస్తాను. ఏ ఆఫీసో చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒక ఫ్యామిలీ పెన్షనరు, ఎనభై దగ్గర పడిన పెద్దామె, 1946లో పుట్టారు. ఆ తెరలో పుట్టిన సంవత్సరం టైపు చేయనివ్వదు, లిస్టులోంచే తీయాలి. ఆపరేటరు పిల్ల సరిగానే 1946 ఎంచుకున్నది. తరువాత పేజీ కిందకు జరపడానికి మౌసు మీద ఉన్న చక్రం తిప్పింది. పేజీతో పాటు లిస్టు కూడా కదిలి సంవత్సరం 1956 అయి కూర్చున్నది. ఎవరూ గమనించలేదు. వయసును బట్టి రావలసిన అదనపు పెన్షను ఆగిపోయింది. ఆ పదేళ్ళు తిరిగి సంపాదించడానికి ఆమె ఆధారాలు పట్టుకుని ఏడు నెలలు తిరిగారు. ఆమె వయసును ఎవరూ అనుమానించలేదు. కంప్యూటరులో అలా ఉన్నదమ్మా, అన్నారు అంతే. ఆ ఆపరేటరు పిల్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నాలుగు అంకెలు కొట్టనిచ్చే గడి ఒకటి పెట్టి ఉంటే ఈ కష్టమే లేదు.

కొన్ని తెరలలో తేదీకి కాలెండరు పెడతారు. నేటి నెల చూపించి, వెనుకకు జరుపుకోమంటారు. పాతికేళ్ళవాడికి సరే. మనవంటి వారు నెలకొక నొక్కు చొప్పున డెబ్బయి అయిదేళ్ళు వెనుకకు పోవాలంటే తొమ్మిది వందల నొక్కులు. ఆ తెర తయారు చేసినవారు ఒక్క పెన్షనరును పక్కన కూర్చోబెట్టుకుని చూసి ఉంటే తెలిసేది.

చివరి మనవి

2011లో మీసేవ, 2019లో గ్రామ సచివాలయాలు, వాటిలో డిజిటల్ అసిస్టెంటు పోస్టులు వచ్చినవి. 2022లో మన కోనసీమ వేరే జిల్లా అయింది. పని ఇంటి దగ్గరకు వచ్చింది, ఆ పని చేసేవారు మన పిల్లలే, మనవలే. వారిని చూస్తే నాకు గౌరవమే. అందుచేత ఈ సందర్భంగా నాలుగు సూచనలు చేస్తున్నాను.

ఒకటి. మీ తరఫున ఎవరు దరఖాస్తు నింపినా, సబ్మిట్ నొక్కే ముందు తెర మీద ఉన్నది పైకి చదవమని అడగండి. మీ అసలు కాగితం మీ చేతిలో పెట్టుకుని వినండి. అదే మన పాత చదివినవారు, సరిచూసినవారు అనే పద్ధతి. ఇద్దరుంటే చాలు.

రెండు. రసీదు అక్కడే తీసుకుని పుట్టిన తేదీ, ఊరు, సర్వే నెంబరు, బ్యాంకు ఖాతా నెంబరు, ఈ నాలుగూ అక్కడే చూసుకోండి. మరునాటికి వాయిదా వేయవద్దు.

మూడు. ఇంట్లో పిల్లలకు ట్యాబ్ మీటతో ముందు గడికి, షిఫ్టు పట్టుకుని ట్యాబ్ నొక్కితే వెనుక గడికి పోవచ్చునని చెప్పండి. లిస్టులో ఎంచుకున్న తరువాత, చక్రం తిప్పే ముందు మౌసును ఖాళీ చోట ఒకసారి నొక్కమనండి. చాలామందికి ఈ చిన్న సంగతులు ఎవరూ చెప్పలేదు.

నాలుగు. ఇది మన సంఘం చేయవలసిన పని. ప్రభుత్వ శాఖలు కొత్త తెరలు తయారు చేయించేటప్పుడు, ఆ పని ఇరవై ఏళ్ళు చేసిన గుమాస్తానొకరిని, దాని ఫలితం అనుభవించే పెన్షనరునొకరిని పిలిచి చూపించాలనీ, పుట్టిన తేదీని అంకెలతో కొట్టే వీలు తప్పక ఉండాలనీ మన సంఘం తీర్మానం చేసి పంపాలి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఒక పూట కాలం చాలు.